ఆపేశాక మిగిలేది

“స్విచ్చి ఆపేశాక కూడా దాంట్లో కరెంటు మిగిలుంటేనో?” అంది శేషారత్నం.

అప్పటికింకా ఏమీ జరగలేదు. వంట ముగించి, గడపలో కూర్చుని రేపటి పచ్చడికి గోంగూర ఒలుస్తోందామె. ఎదురుగా చాప మీద కూతురు వకుళ, తమ్ముడు కోటిలింగం ఒక నల్లటి డబ్బాని మధ్యలో పెట్టుకుని, పురిటి బిడ్డను చూసినట్టు చూసుకుంటున్నారు. దగ్గుమందు సీసా అంత ఉందది. పైన రెండు రేకుముక్కలు చెవుల్లా నిక్కి ఉన్నాయి.

“ఇందాకే కదమ్మా, అది పేలుద్దేమో అన్నావు?” అంది వకుళ.

“అదీ అన్నా. ఇదీ అంటన్నా.”

“బల్లి దూరుద్దేమో అని కూడా అన్నావక్కా,” అన్నాడు కోటిలింగం. “ముందు ఏదో ఒకటి తేల్చుకో. కరెంటుతో పోతామా, బల్లితో పోతామా?”

“నవ్వండి. మీకేం.”

శేషారత్నం చదివింది ఐదో తరగతి. భయపడటం మాత్రం ఎవరూ నేర్పకుండానే వచ్చింది. ఆమె భర్త పిడుగురాళ్ళ సున్నపు బట్టీలో పనిచేసేవాడు. అతను గుమ్మం దాటేటప్పుడు రోజూ ఏదో ఒక భయం పైకి చెప్పి పంపేది. కళ్ళలో సున్నం పడుద్దేమో, కాలు జారుద్దేమో, ఎండ దెబ్బ కొడుద్దేమో. ఒకరోజు వకుళకి జ్వరం కాస్తుంటే తడిగుడ్డ వేసే హడావుడిలో ఏమీ అనకుండా పంపించింది. ఆ మధ్యాహ్నం అతను వడదెబ్బకి పోయాడు. అప్పట్నుంచీ ఆమెకి ఒకటి గట్టిగా నాటుకుపోయింది. నోటితో అన్న భయం నోటితోనే పోతుంది, లోపల దాచుకున్నది కాళ్ళొచ్చి ఇంటికి నడిచొస్తుంది. అందుకని ఏ భయాన్నీ లోపల ఉంచుకోదు.

వకుళకీ ఆ మధ్యాహ్నమే గుర్తుండిపోయింది. కాకపోతే ఆమె దాన్ని వేరేగా మోసింది. ఊరి పక్కన ప్రయోగశాలలో చేరి, ఎండని దేనికైనా పనికొచ్చేలా చెయ్యలేమా అని ఏళ్ళ తరబడి దాంతోనే కుస్తీ పట్టింది. ఆ రోజుల్లో వేసవి పగళ్ళు మనుషులవి కాకుండా పోయాయి. బడులు, పెళ్ళిళ్ళు, సంతలు, చివరికి బట్టీలు కూడా పొద్దుగూకాకే తెరుచుకునేవి. పగలు బతికించేవి ఏసీలూ కూలర్లూ. ఊళ్ళో వాటిలో సగం, మరమ్మతులు చేసే కోటిలింగం చేతి మీదే నడిచేవి.

“ఇంతకీ అదేం చేస్తది?” అంది శేషారత్నం.

కోటిలింగం లేచి మూలనున్న పాత కూలర్‌ని ముందుకు లాగాడు. దాని కండెన్సర్ తీగ పీకేసి స్విచ్చి వేశాడు. మోటారు మూలిగింది, రెక్కలు మాత్రం కదల్లేదు. చీపురుపుల్లతో ఒక రెక్కని కొంచెం తోశాడు. నెమ్మదిగా తిరగడం మొదలెట్టింది. ఆపి, ఈసారి అటు నుంచి తోశాడు. సిగ్గులేకుండా అటే తిరిగింది.

“చూశావా, దీనికి సొంత బుద్ధి లేదు. ఎటు తోస్తే అటు. అక్కా, నువ్వూ అమ్మా తిరగలి తిప్పేవాళ్ళు గుర్తుందా? ఎదురెదురుగా కూర్చుని ఇద్దరూ ఒక్కసారే తోస్తే ఏమయ్యేది?”

“పిడి కదిలేది కాదు. అమ్మ నా చేతి మీద ఒకటేసేది.”

“మరి తిరగాలంటే?”

“అమ్మ తోశాక నేను అందుకోవాలి. కాస్త ఆగి.”

“ఆ ఎడం కల్పించడమే కండెన్సర్ పని. మోటార్లో తీగచుట్టలు రెండుంటాయి. రెంటికీ ఒకేసారి తోపు పడితే కూర్చుని మూలుగుద్దే గానీ తిరగదు. ఒక చుట్టకి కండెన్సర్ తగిలిస్తే దాని తోపు వేరే వేళకి పడుద్ది. అప్పుడు ఇద్దరాడోళ్ళు తిరగలి పట్టినట్టు గిర్రున తిరుగుద్ది.”

“మామూలు కండెన్సర్ ఎండకి ఉబ్బి చచ్చిపోద్దమ్మా,” వకుళ నల్ల డబ్బాని అరచేతిలోకి తీసుకుంది. “మావయ్య సంచీ నిండా ఆ శవాలేగా. దీంట్లో నేను వేసిన పొర వేరు. ఎండకి చావడం కాదు, ఎండని తాగి బతుకుద్ది. కరెంటు పోయినా, తాగిందాంతో మిషన్ని నడుపుద్ది.”

“తాగింది ఎక్కడ పెట్టుకుంటది?”

“లోపలే.”

“అదేగా నేనడిగేది. ఆపేశాక కూడా లోపలే మిగిలుంటేనో?”

“షార్టు కొట్టేస్తాం. స్క్రూడ్రైవర్ అడ్డం పెడితే టప్పున ఒక నిప్పురవ్వ. అంతే, ఖాళీ. మావయ్య దగ్గర చిన్నప్పుడు నేర్చుకున్న పనేగా.”

నిజానికి ఆ పనికి కోటిలింగం దగ్గర ఒక కట్టుబాటు ఉండేది. కరెంటు ఆపి షార్టు కొట్టేది ఒకరు, చెయ్యి పెట్టేది ఒకరు. చెయ్యి పెట్టేవాళ్ళు ‘ఉందా?’ అని అడగాలి. ఆపినవాళ్ళు ‘లేదు’ అనాలి. ఆ మాట చెవిన పడేదాకా, ఇంటివాళ్ళు ఎంత గొణుక్కున్నా, చెయ్యి పెట్టేది లేదు. అలవాటు ముదిరిపోయి అన్నం దగ్గర కూడా పులుసు గిన్నె వంక చూసి “ఉందా?” అనేవాడు. “లేదు, మింగేశావుగా” అనేది శేషారత్నం, గరిట అడుక్కి పోనిచ్చి మిగిలింది వడ్డిస్తూ.

*

ప్రయోగశాల మేడ మీద ఆ డబ్బా బిగించిన ఏసీ మిషన్ పెట్టిన రోజున శేషారత్నం కూడా వెళ్ళింది. వద్దన్నా వినలేదు. స్టీలు క్యాను నిండా మజ్జిగ కలిపి, తడిగుడ్డ చుట్టి, తెల్లారకముందే ఆటోలో వచ్చి మెట్ల కింద నీడన కూర్చుంది. ఎండలోనే చూడాలట దాన్ని. ఎండ లేకపోతే దానికి తిండి లేదట.

మధ్యాహ్నానికి పైనుంచి చప్పట్లు వినపడ్డాయి. కరెంటు పీకేశాక కూడా బయటి యూనిట్ ఫ్యాను ఆగకుండా తిరుగుతోందనీ, కింద గదిలో చల్లగాలి తగ్గలేదనీ ఎవరో మెట్ల మీంచి అరిచి చెప్పారు. శేషారత్నానికి సంతోషం వేసింది. వెంటనే దిష్టి తగులుద్దేమోనని భయం వేసింది. రెండూ కలిపి కొంగుతో తుడుచుకుంది.

తీగ ఒకటి వదులుగా ఉందన్నాడు కోటిలింగం. బిగించి మళ్ళీ నడపాలి. వకుళ అన్నీ ఆపింది. మూత విప్పి స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టింది. టప్పున నీలం రవ్వ లేచింది. మీటరు పెట్టి చూసింది. సున్నా.

సరిగ్గా అప్పుడు శేషారత్నం క్యానుతో పైకెక్కొచ్చి, మెట్ల తలుపు దగ్గర్నుంచి పిలిచింది. “మజ్జిగ తాగి చేసుకోండర్రా. వడ కొడుద్ది. ఇద్దరూ రండి ముందు.”

ఆ గొంతులో ఏముందో తెలిసినవాళ్ళు కాబట్టి ఇద్దరూ వచ్చారు. నీడన నిలబడి తాగారు. “ఉప్పు మొత్తం దీంట్లోనే వేశావా అక్కా, కూరలోకి కాస్త మిగిల్చావా?” అన్నాడు కోటిలింగం. మీసాలకంటిన మజ్జిగ తుడుచుకుంటూ మేనకోడలి నెత్తి మీద చిన్నగా మొట్టాడు. “నా కోడలు సూర్యుడి చేత ఊడిగం చేయిస్తంది. మీ నాన్న ఉంటే ఊరంతా చెప్పుకుని తిరిగేవాడు.” వకుళ ఇంకో గ్లాసు పోసుకుంది.

అతను మళ్ళీ ఎండలోకి వెళ్ళి మిషన్ ముందు గొంతుక్కూర్చున్నాడు. కట్టుబాటు తప్పకుండా, తల తిప్పకుండానే అడిగాడు.

“ఉందా?”

“లేదు,” అంది వకుళ, చేతిలో గ్లాసుతో.

ఆమె అబద్ధం చెప్పలేదు. తను చూసినప్పుడు లేదు. మూత తెరిచి ఉన్న డబ్బా మీద మాత్రం ఎండ పడుతూనే ఉంది. వాళ్ళు మజ్జిగ తాగినంతసేపూ అది కూడా తాగింది.

కోటిలింగం కేక వెయ్యలేదు. ఎవరో మెల్లగా పడుకోబెట్టినట్టు పక్కకి ఒరిగాడు. చేతిలోని పట్టకారు గచ్చు మీద పడిన చప్పుడొక్కటే శేషారత్నానికి వినపడింది.

*

గుండె ఆగింది, మళ్ళీ కొట్టుకుంది. ఆగిన ఆ కాసేపట్లో తలలో ఏదో ఎండిపోయిందన్నారు డాక్టర్లు. కుడిచెయ్యి పడిపోయింది. మాట పోయింది. చెప్పేదంతా అతనికి అర్థమవుతుందనీ, మాటలు లోపలే ఉన్నాయనీ, బయటికొచ్చే దారే మూసుకుపోయిందనీ చెప్పారు. తెరుచుకుంటుందా అంటే, చూద్దాం అన్నారు.

ప్రయోగశాలవాళ్ళు తప్పేమిటో కనుక్కున్నారు. ఆ పొరని ఖాళీ చేస్తే ఖాళీగా ఉండదు, ఎండే కాదు, ఆ వేడి తగిలినా మళ్ళీ తనంతట తనే నిండుతుంది. కాబట్టి ఒకసారి షార్టు కొట్టి వదిలెయ్యకూడదు, పని జరిగినంతసేపూ రెండు చెవులకీ అడ్డంగా తీగ ఉంచి తీరాలి. ఇంతే. ఒక మనిషి మాట పోతే గానీ తెలియని ఇంత చిన్న సంగతి.

డబ్బాని మాత్రం ఆపలేదు. ఆపాలని ఎవరూ అడగలేదు కూడా. ఊళ్ళో చలువిల్లు కట్టారు. పగటి పూట చంటిపిల్లలు, గర్భిణులు, ముసలివాళ్ళు తలదాచుకునే పెద్ద హాలు అది. కరెంటు గంటకోసారి పోయినా చల్లదనం పోనివ్వని మిషన్ అదొక్కటే. గోడ మీద పలక పెట్టి వకుళ పేరు చెక్కిస్తామన్నారు. వద్దంది. ప్రయోగశాలకి వెళ్ళడం మానేసింది. మావయ్యకి స్నానం చేయించడం, వేళ్ళు ఒక్కొక్కటే వంచి తీయించడం, అన్నం తినిపించడం, అదే పని.

ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. అందరికన్నా వింతగా శేషారత్నం భయాలు పైకి అనడం మానేసింది. ముందే ఆమె అనలేదా? గడపలో కూర్చుని అచ్చంగా ఆ మాటే అనలేదా? అన్నా వచ్చింది. అంటే ఇన్నేళ్ళూ తను కాపలా కాసింది తలుపుల్లేని ఇంటికన్నమాట. ఇప్పుడు భయాలు నోటిదాకా వచ్చి, అక్కడే కూర్చుని, మళ్ళీ లోపలికి పోయేవి. భయం తగ్గలేదు. దానికి నోరు పోయింది.

ఒకరోజు బట్టలారేస్తూ వకుళ ఉన్నట్టుండి అంది: “నేను లేదన్నానమ్మా. నా నోటితో.”

“నేను మజ్జిగకి పిలిచాను,” అంది శేషారత్నం.

ఒకరినొకరు ఓదార్చుకోలేకపోయారు. తడి దుప్పటి చెరో కొసా పట్టుకుని పిండి, తీగ మీద వేసి లోపలికి పోయారు.

ఒకసారి అన్నం దగ్గర తమ్ముడి కళ్ళు పులుసు గిన్నె వైపు వెళ్ళడం చూసి ఆమె గరిట ఎత్తి పట్టుకుంది. “అడగరా. ఉందా అని అడుగు, వేస్తా.” కోటిలింగం నోరు తెరిచాడు. గొంతులో గాలి ఆడింది. మెడ నరాలు ఉబ్బాయి. చివరికి తలొంచుకుని, ఎడమచేత్తో కంచం పక్కకి జరిపాడు. ఆమె మళ్ళీ ఎప్పుడూ అలా అడగలేదు. పులుసు తనే పోసేది.

*

రోహిణి కార్తె వచ్చింది. తెల్లారకముందే ఆటో మాట్లాడుకుని కోటిలింగాన్ని చలువింటికి తీసుకెళ్ళేవాళ్ళు. వకుళ మిషన్ ఉన్న గోడకి వీపు పెట్టి కూర్చునేది. అక్కడ నర్సు జరీనా, నోరు మంచిది, ఊరుకునేది కాదు. “ఏం పిన్నీ, తమ్ముణ్ణి మా దగ్గర వదిలి ఇవాళైనా కాస్త కునుకు తియ్యి” అని శేషారత్నాన్ని పలకరిస్తూ పిల్లల ఒళ్ళు తాకి చూస్తుండేది.

ఆ మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. వచ్చాక మిషన్ చప్పుడు మారింది.

మూలుగు.

హాల్లో ఎవరికీ తెలియలేదు. ఆ ముగ్గురికీ తెలిసింది. వకుళ తలెత్తింది. కోటిలింగం అప్పటికే ఆమె వంక చూస్తున్నాడు.

జరీనా ప్రయోగశాలకి ఫోను చేసింది. వాళ్ళు పొద్దుగూకితే గానీ బయల్దేరలేమన్నారు. ఆ ఎండలో రోడ్డెక్కిన బండి దారిలోనే ఆగిపోతుంది. అంతలో గాలి బరువెక్కింది. వరసగా వేసిన ఉయ్యాలల్లో ఒక పిల్ల ఏడుపు అందుకుంది. దాన్ని చూసి ఇంకొకటి. పొత్తికడుపు పట్టుకుని పడుకున్న ఒక నిండు చూలాలు లేచి కూర్చుంది.

జరీనా వకుళ ముందు వచ్చి నిలబడింది. “నువ్వు చేసిందేగా అమ్మా ఇది? బయటికి పంపిస్తే గుమ్మం దాటకుండా పడిపోతారు వీళ్ళు. ఒక్కసారి చూడు.”

“కర్రతో ఫ్యానుని తోసినా లాభం లేదక్కా,” వకుళ నేల చూస్తూ అంది. “ఫ్యానుని నువ్వు తోస్తావు. లోపల సీలు వేసిన కంప్రెసర్‌ని ఎవరు తోస్తారు? దానికీ ఆ డబ్బానే.”

“మరైతే డబ్బానే చూడు.”

వకుళ కదల్లేదు. శేషారత్నం గుండెలో భయాలన్నీ వరసకట్టి నిలబడ్డాయి. వెళ్తే పిల్ల ఏమైపోద్దో. వెళ్ళకపోతే ఈ పసివాళ్ళు ఏమైపోతారో. ఏది అనాలో తెలియక పెదవులు బిగించింది.

కోటిలింగం గోడ పట్టుకుని లేచాడు. కాలీడ్చుకుంటూ వెనక వసారా వైపు నడిచాడు, అక్కడే బయటి యూనిట్ ఉంది. తలుపు దగ్గర ఆగి మేనకోడలి కోసం చూశాడు. ఇక ఆమె లేవక తప్పలేదు.

వకుళ మెయిన్ ఆపి, మూత విప్పింది. లోపలంతా ఊరి సున్నపు దుమ్ము. చెమ్మ తగిలి గట్టిపడి, ఒక చెవి దగ్గర తీగని తినేసింది. పాత కొస కత్తిరించి కొత్తగా బిగిస్తే చాలు. అడ్డం పెట్టడానికి ప్రయోగశాలవాళ్ళు ఇచ్చిన క్లిప్పుల తీగ అందులోనే వేలాడుతోంది. దాన్నీ సున్నం తినేసింది. ఆమె చేతిలోకి తీసుకోగానే క్లిప్పుల పళ్ళు ఊడి రాలిపోయాయి.

“చేత్తో పట్టుకోవాలి ఎవరైనా,” అంది వకుళ, తనలో తను. “పనయ్యేదాకా.”

“నేను పడతా,” అని శేషారత్నం ముందుకొచ్చింది. చేతులు చూసుకుంది. గాలికి ఆకు ఊగినట్టు ఊగుతున్నాయి.

కోటిలింగం ఎడమచేత్తో పనిముట్ల డబ్బా కెలికి, లావుపాటి రబ్బరు పిడి ఉన్న స్క్రూడ్రైవర్ తీశాడు. స్టూలు మీద కూర్చుని, ఊపిరి బిగబట్టి, రెండు చెవులకీ అడ్డంగా ఆనించాడు. టప్పున నీలం రవ్వ. వకుళ కళ్ళు మూసుకుంది. అతను స్క్రూడ్రైవర్ తియ్యలేదు. అలాగే అదిమి పట్టుకున్నాడు. వసారాలోకి ఏటవాలుగా ఎండ పడుతోంది. డబ్బా తాగింది తాగినట్టే ఆ ఇనుము మీదుగా పోతోంది. ఆ చెయ్యి జరిగితే మాత్రం మళ్ళీ నిండుతుంది.

“వాడి చెయ్యి జారితేనో?”

అన్నాక గానీ శేషారత్నానికి తెలియలేదు, తనే అన్నదని. ఏడాదిగా లోపలుండి బయటికొచ్చిన మొదటి భయం. పాపిష్టి నోరనుకుని కొంగు అడ్డం పెట్టుకోబోయింది.

వకుళ నవ్వలేదు. విసుక్కోలేదు. మావయ్య చెయ్యి వంక ఒకసారి పరీక్షగా చూసింది.

“నిజమేనమ్మా, జారొచ్చు. నువ్వెళ్ళి ఆ మోచెయ్యి కింద నీ చేతులు రెండూ పెట్టు. బరువు నువ్వు మొయ్యి. జారుతున్నట్టనిపిస్తే వెంటనే చెప్పు. నేను చెయ్యి లాగేసుకుంటా.”

శేషారత్నం తమ్ముడి వెనక మోకాళ్ళ మీద కూర్చుని, ఎముకలు తేలిన ఆ మోచేతిని రెండు అరచేతుల్లోకి తీసుకుంది. వింతగా, వాడి బరువు పడగానే ఆమె చేతుల వణుకు తగ్గింది.

వకుళ పట్టకారు తీసుకుంది. చెయ్యి డబ్బా దాకా వెళ్ళి గాల్లో ఆగిపోయింది. చెమట కణతల మీదుగా కారుతోంది. ఎన్నో వేసవులు ఆ మనిషి పక్కన కూర్చుని నేర్చుకున్న మాట నోట్లోకి దానంతటదే వచ్చింది.

“ఉందా?”

లోపల పిల్లల ఏడుపు ఒకటిగా కలిసిపోయింది.

తలుపు దగ్గర, రెండు చంకల్లో ఇద్దరు పిల్లలతో నిలబడ్డ జరీనా ఉండబట్టలేకపోయింది. “ఎవర్ని అడుగుతున్నావమ్మా? ఆయన మాట్లాడలేరు గదా. కానియ్యి, తల్లీ.”

“మాట వినందే చెయ్యి పెట్టకూడదక్కా,” అంది వకుళ. అంతకన్నా ఏం చెప్పాలో ఆమెకే తెలియదు. ఆ రోజు ఆయన తన మాట విని పెట్టాడు. ఇవాళ తను వినకుండా ఎలా పెడుతుంది?

మళ్ళీ అడిగింది, చిన్నపిల్లప్పటి గొంతుతో. “మావయ్యా, ఉందా?”

శేషారత్నం తమ్ముడి మొహం చూడలేదు. చూడటానికి ధైర్యం చాలలేదు. అరచేతుల్లో మాత్రం ఏదో కదిలింది. మోచేతిలో సన్నగా మొదలైన అదురు భుజానికెక్కింది, భుజం నుంచి మెడలోకి పాకింది. పిడి చుట్టూ వేళ్ళు ఇంకా గట్టిగా బిగుసుకున్నాయి. ఊపిరి ఒకసారి లోపలికి వెళ్ళి, తిరిగి రాకుండా ఆగిపోయింది. అయిపోయింది, వాడికేదో అయిపోయింది అనుకుందామె. జారుతోంది అని అరవబోయింది. జారడం లేదు. స్క్రూడ్రైవర్ రవ్వంత కూడా కదల్లేదు.

వకుళ చెయ్యి గాల్లో అలాగే కాచుకుని ఉంది.

తుప్పు పట్టిన బావి గిలక మీద మొదటిసారి తాడు కదిలినట్టు, ఆ గొంతులోంచి ఒక గరగర లేచింది. ఆగింది. మళ్ళీ లేచింది.

“లే... దు,” అన్నాడు కోటిలింగం.